గుడారములోనికి వచ్చిన మామ

ధ్యాన పాఠము. చదువవలసిన భాగము: నిర్గమకాండము 18వ అధ్యాయము



ఈ అధ్యాయమును మనము సాధారణముగా సంఘ పెద్దల ఎన్నికలు దగ్గరపడినప్పుడు తెరచెదము. వేయిమందికి ఒకడు, నూరుమందికి ఒకడు, ఏబదిమందికి ఒకడు, పదిమందికి ఒకడు చొప్పున మోషే అధిపతులను ఏర్పరచిన సంగతి ఇందులోనే గలదు గనుక, సంఘ పరిపాలనను గూర్చిన ప్రసంగమునకు ఇంతకంటె అనుకూలమైన భాగము దొరకదు. నేనును ఆలాగే అనేక పర్యాయములు బోధించితిని. అయితే 2024వ సంవత్సరము మొదలుకొని దీనిని వేరొక రీతిగా చదువుచున్నాను. అధిపతుల సంగతి అధ్యాయపు రెండవ సగములోనిది. మొదటి సగము కేవలము ఒక కుటుంబపు సంగతి. స్వదేశము విడిచి దూరముననున్న అల్లుని చూచుటకు మామ ప్రయాణమై వచ్చుచున్నాడు.

నేడు మన సంఘములలో ఈ సంగతి ఎంత సామాన్యమైనదో మీరెరుగుదురు. మన పిల్లలు పై చదువులకై అమెరికాకు, ఇంగ్లండునకు, జర్మనీకి, ఆస్ట్రేలియాకు వెళ్లియున్నారు. వారిని చూచివచ్చుటకు తల్లిదండ్రులు బయలుదేరుచున్నారు. పొలము దాటి గుంటూరు మార్కెట్టు యార్డువరకే ప్రయాణము చేసిన రైతు పాస్‌పోర్టు చేత పట్టుకొని మా యింటి అరుగుమీద కూర్చుండును. ప్రయాణపు ప్రార్థన చేసి పంపుదుము. అంతటితో మన పని ముగిసినదని నేననుకొనెడివాడను.

ఇప్పుడు వాక్యభాగమును చూడుడి. యిత్రో తాను వచ్చుచున్నానని ముందుగా కబురంపెను. మోషే భార్యయగు సిప్పోరాయు ఇద్దరు కుమాళ్లును అతని వెంట ఉండిరి. పెద్దవాని పేరు గెర్షోము. తాను పరాయి దేశములో పరదేశిగా ఉన్నందున మోషే అతనికి ఆ పేరు పెట్టెనని 3వ వచనము చెప్పుచున్నది. పరదేశవాసపు బాధ ఆ యింట పిల్లవాని పేరుగానే నిలిచియుండెను.

కబురు అందగానే మోషే ఏమి చేసెను? అతడు అప్పటికి ఎనుబది యేండ్లు దాటినవాడు, ఒక జనాంగమంతటికి నాయకుడు. అయినను కూర్చున్నచోటికి మామను రప్పించుకొనలేదు. ఎదురు వెళ్లి వంగి నమస్కరించెను. ఎనుబది యేండ్ల అల్లుడైనను మామ యెదుట అల్లుడే గదా! పిమ్మట అతనిని ఎక్కడికి తీసికొనిపోయెను? చూపదగిన వింతలు ఆ చుట్టుపట్ల లేకపోలేదు. దేవుని పర్వతము కన్నుల యెదుటనే ఉండెను. హోరేబులో బండనుండి నీళ్లు వచ్చిన సంగతి అంతకు ముందటి అధ్యాయములోనిదే. మోషే మామను మొదట తీసికొనిపోయినది వీటి దగ్గరకు కాదు, తన గుడారములోనికి.

గుడారములో ఏమి చెప్పెనో 8వ వచనములో గలదు. దయచేసి ఆ వచనమును రెండు సారులు చదువుడి. ఫరోకు దేవుడు చేసినదంతయు చెప్పెను. అది సాక్ష్యము, మనకును చెప్పుట వచ్చును. దానితోకూడ త్రోవలో తమకు కలిగిన కష్టమంతయు చెప్పెను. దాహము, ఆకలి, జనుల సణుగుడు, అమాలేకీయులతో యుద్ధము, ఏదియు దాచలేదు. కుమార్తెను ఇచ్చిన మామతో ఈ మాటలు చెప్పుట ఏ అల్లునికైనను సులభము కాదు. నీ బిడ్డను ఎట్టి చోటికి తీసికొనిపోవుచున్నానో చూడుమని చెప్పినట్లే గదా. అయినను చెప్పెను. ఆ కష్టమును వినిన తరువాతనే యిత్రో సంతోషించి దేవుని స్తుతించెను.

మా సంఘములోని ఒక కుటుంబమునకు జరిగిన సంగతిని, వారి అనుమతితో, పేరులు లేకుండ వ్రాయుచున్నాను.

తండ్రి పల్నాటి మిరప రైతు. మూడెకరములలో రెండెకరములు బ్యాంకునకు హామీపెట్టి కుమారుని 2022 ఆగస్టులో టెక్సాసు రాష్ట్రములోని డల్లాసు ప్రాంతమునకు ఎం.ఎస్. చదువునకు పంపెను. కొన్ని నెలలకే కుఱ్ఱవాడు వడ్డీ డబ్బు పంపుట మొదలుపెట్టెను. 2023 క్రిస్మసునకు మన మందిరపు మైకు సెట్టు నిమిత్తము ఏబదివేల రూపాయలు కృతజ్ఞతార్పణగా పంపెను. నేను ఆ పేరును ఆరాధనలో చదివితిని. చాలదన్నట్లు డిసెంబరు 31 రాత్రి కూడికలో మరల చదివి, దేవుడు ఆ బిడ్డను ఎంతగా వర్ధిల్లజేసెనో చూడుడని చెప్పి, చప్పట్లు కొట్టించితిని. ఈ మాట జ్ఞాపకముంచుకొనుడి. మరల దీనియొద్దకు రావలెను.

2024 మే నెలలో పట్టా ప్రదానోత్సవము. దానిని చూచుటకు తల్లిదండ్రులు ఏప్రిల్‌లోనే బయలుదేరిరి. వీసా కొరకు హైదరాబాదు వెళ్లుటకు ముందు తండ్రి నాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, మావాడు పెద్ద ఉద్యోగం చేస్తున్నాడని చెప్పమంటారా?" అని అడిగెను. విద్యార్థియని ఉన్నదున్నట్లు చెప్పుమంటిని. సందర్శకుడై వచ్చువాడు అక్కడనే నిలిచిపోవ నుద్దేశించినవాడని ఆ దేశపు చట్టము ముందుగా తలంచును. కాడని చూపించుకొనవలసిన భారము వచ్చువానిదే. ఇల్లు, పొలము, తిరిగి రావలసిన పనులు గలవాడు వాటిని నిజముగా చెప్పిన చాలును. వీసా దొరికెను.

దిగినచోట తల్లికి ఒక చిన్న నష్టము. కొడుకునకు ప్రీతియని వేటమాంసపు పచ్చడి సీసాలో పట్టుకొనిపోయెను. మాంసము కలిసినవాటిని ఆ దేశములోనికి రానియ్యరు. ఫారములో అడిగినప్పుడు ఉన్నదని చెప్పినందున పచ్చడి పోయినది గాని జరిమానా పడలేదు. గోంగూర పచ్చడి, కందిపొడి నిరాటంకముగా చేరినవి.

కుమారుడు వారిని మంచి యింటికి తీసికొనిపోయెను. సోఫా, గోడకు పెద్ద టీవీ, మెత్తని మంచము. నాలుగు దినములు డల్లాసు అంతయు త్రిప్పెను. 1963లో కెన్నెడీ అధ్యక్షుని కాల్చిచంపిన వీధి చూపెను. హ్యూస్టనులోని అంతరిక్ష కేంద్రమునకు స్నేహితుని కారులో తీసికొనిపోయెను. తండ్రి ఫొటోలన్నియు ఊరికి పంపెను, మేమందరమును చూచితిమి. అయిదవ దినమున తల్లి పప్పు పొయ్యిమీద పెట్టి ఉప్పు అడిగెను. కొడుకు ఒక అర తెరచెను, మరియొక అర తెరచెను, మూడవది తెరచెను. అప్పుడు ఆమె, "ఒరేయ్ నాయనా, ఇది నీ వంటిల్లు కాదు. ఉప్పెక్కడుందో నువ్వే వెతుక్కుంటున్నావు. నీ ఇంటికి తీసుకెళ్లు" అనెను.

ఆ యిల్లు సెలవుమీద స్వదేశము వెళ్లిన ఒక సీనియరుది. కొడుకు ఇల్లు రెండు గదులది. అందులో నలుగురు పిల్లలు. నేలమీద పరుపులు, ఒక రైసు కుక్కరు, ఇద్దరికి కలిపి ఒక బల్ల. ఆమె ఏమియు అనక కొంగు బిగించి నలుగురికిని అన్నము వండెను. ఆ పిల్లలు ఒక గదిని వీరికి విడిచి తాము హాలులో పండుకొనిరి. అతిథులు ఎన్ని దినములు ఉండవచ్చునో అద్దె పత్రములలో నియమముండును గనుక, కుమారుడు ఆ అపార్టుమెంటు ఆఫీసులో చెప్పి అనుమతి పొందెను.

12వ వచనమునందు అహరోనును ఇశ్రాయేలు పెద్దలును వచ్చి మోషే మామతో భోజనము చేసిన మాట ఇక్కడ నాకు తోచుచున్నది. మోషే మామను తనకు మాత్రమే చుట్టముగా ఉంచుకొనలేదు; తనతో కష్టపడువారినందరిని పంక్తికి పిలిచెను. అక్కడ ఏ రొట్టె తినిరో వ్రాయబడలేదు. ఆ దినములలో వారికి నిత్యము దొరకినది మన్నాయే గనుక అదియే కావచ్చునని నా యూహ, బలిమాంసమును ఉండియుండును. మందలుగల మిద్యాను యాజకునికి అది గొప్ప విందు కాకపోవచ్చును. మోషే దిక్కులేక తిరుగుచున్న దినమున అతనిని భోజనమునకు పిలువనంపినది ఈ మామ యింటివారే (2:20). ఇప్పుడు తనకున్న రొట్టెనే పెట్టెను. డల్లాసులో ఆ నలుగురిలో ఇద్దరు హిందువుల బిడ్డలు. తల్లి పెట్టిన గోంగూర అన్నము నలుగురును తినిరి. రాత్రి కుటుంబ ప్రార్థన సమయమున ఆ యిద్దరును టీవీ కట్టివేసి మౌనముగా కూర్చుండిరట.

ఆ రాత్రియే కొడుకు నోరు తెరచెను. విద్యార్థి వీసాపై ఉన్నవాడు చదువు జరుగు దినములలో వారమునకు 20 గంటలకు మించకుండ విశ్వవిద్యాలయపు ఆవరణలోనే పని చేయుటకు సెలవు గలదు. ఇతడు అక్కడి భోజనశాలలో అంట్లు తోముచుండెను. ఆ జీతములో తన అద్దె పోగా మిగిలినది వడ్డీకి పంపుచుండెను. తిండి తగ్గించుకొనెను. పని ముగించుకొని వచ్చి పుస్తకము తీయలేక నిద్రపోవుచుండుటచేత ముందటి సెమిస్టరులో మార్కులు తగ్గి హెచ్చరిక ఉత్తరము వచ్చెను. మైకు సెట్టు డబ్బు ఎక్కడిదని మీరు అడుగవచ్చును. రెండవ జత చలికోటు కొనుటకు దాచుకొన్నదియు, ఒక మిత్రునియొద్ద తీసికొన్న బదులును.

వడ్డీ ఏల పంపుచుండెను? చదువు కాలమును, ఆ మీదట ఒక సంవత్సరమును వాయిదాలు కట్టనక్కరలేదను నియమము అనేక విద్యా ఋణములలో గలదు. ఇతని ఋణములోను గలదు. అది కొడుకునకు తెలియును. అయితే అప్పు పెరుగుచున్నదని నాన్న రాత్రులు నిద్రపోవుట లేదని చెల్లెలు ఫోనులో చెప్పినది. ఆ దిగులు తనకు లేదని తండ్రి ఎల్లప్పుడు ఫోనులో చెప్పుచుండెను. ఇటు తండ్రి దాచుచుండెను, అటు కొడుకు దాచుచుండెను. ఇద్దరును ప్రేమచేతనే దాచుచుండిరి.

ఇక 13వ వచనము చూడుడి. మరునాడు మోషే తన పనికి కూర్చుండెను. మామ వచ్చెను గదాయని న్యాయపీఠమును మూసివేయలేదు. ఉదయము మొదలు సాయంకాలమువరకు జనులు నిలిచియుండిరి, యిత్రో చూచుచుండెను. అతడు ఆ ఆలోచన మిద్యానులోనుండి వ్రాసి తెచ్చినది కాదు. కన్నులార చూచినందున కలిగిన ఆలోచన అది. మోషే ఆ దినమున పనిమాని మామను ఊరేగించియుండినయెడల, ఇశ్రాయేలునకు పదిమందిపైని అధిపతి సహితము ఉండెడివాడు కాడేమో.

పల్నాటి రైతు చేసినదియు ఇదే. "నువ్వు పనిచేసే చోటికి నేనూ వస్తా" అని పట్టుబట్టెను. ఒక శుక్రవారము సాయంకాలము భోజనశాలలో ఒక మూల కూర్చుండి, ఒక కప్పు టీ ముందు పెట్టుకొని, కొడుకు గంటలు ముగియువరకు చూచెను. ఆ టీ చల్లారిపోయినది. ఇంటికి నడచివచ్చుచు ఆయన చెప్పిన మాటలు కొడుకే తరువాత నాకు ఫోనులో చెప్పెను: "నువ్వు చేసేది బాగాలేదురా. అంట్లు తోమటం తప్పని కాదు. మీ అమ్మ తోమట్లేదా? నా వడ్డీ నువ్వు మోయటం తప్పు. పరీక్షలయ్యేదాకా గంటలు తగ్గించు. గేదెనమ్మి ఈ ఆర్నెల్ల వడ్డీ నేను చూసుకుంటా."

యిత్రో చెప్పినదానికిని దీనికిని భేదమేమి? ఈలాగైతే నీవు నలిగిపోవుదువనియు, నీ భారమును మరికొందరు మోయవలెననియు అతడును చెప్పెను. మోషే విని ఆలాగే చేసెను. మన కుఱ్ఱవాడును వినెను. తల్లిదండ్రులున్న ఆరు వారములలో ఒక్క తరగతియు మానలేదు. మే మొదటి వారములో పరీక్షలు వ్రాసి ఉత్తీర్ణుడయ్యెను. వారు ఆ పండుగ చూచి తిరిగి వచ్చిరి.

ఇప్పుడు నా సంగతి. ఆ ఏబదివేలు ఎట్టివో తెలిసిన దినమున నేను మందిరములోనికి వెళ్లి ఆ మైకు ముందు నిలువలేకపోతిని. ఆ బిడ్డ చేసిన అర్పణను నేను తక్కువ చేయను. బీద విధవరాలి రెండు కాసులను ప్రభువు చూచెను. అయితే ప్రభువు ఆమె లేమిని ఎరిగి మాటలాడెను. నేను ఈ బిడ్డ లేమిని అడుగక, లేని కలిమిని ఊరంతటికి చాటితిని. ఆ చప్పట్ల తరువాత అతడు ఏ నోటితో నాకు కష్టములలో ఉన్నానని చెప్పగలడు? తల్లిదండ్రులు వచ్చుచున్నారనగానే పరాయి సోఫామీద కూర్చుండబెట్టుటకు అతనిని త్రోసినవారిలో నేనొకడను. సంఘ కమిటీలో ఈ మాట ఒప్పుకొంటిని. అప్పటినుండి మా మందిరములో కానుకల మొత్తములను పేరులతో చదువుట మానివేసితిమి. కొందరు పెద్దలకు ఇది నచ్చలేదు, కానుకలు తగ్గుననిరి. తగ్గినవి కూడ. మరల చదువుట మొదలుపెట్టలేదు.

విద్యార్థులైన మన పిల్లలు ఈ పత్రికను ఫోనులో చదువుచున్నారని వినుచున్నాను గనుక వారికి కొన్ని మాటలు. అమెరికాలో డిసెంబరు మొదటి భాగమును, మే మొదటి వారమును సాధారణముగా పరీక్షల కాలము. అమ్మానాన్నలను పిలిచినయెడల ఆ సంగతి ముందే చెప్పుము, వారు తప్పుపట్టరు. నీతో నివసించువారిని ముందుగా అడుగుము, వారి యిల్లును అదియే. వచ్చువారికి ఆ దేశపు ప్రభుత్వ వైద్య సహాయము దొరకదు గనుక ప్రయాణికుల ఆరోగ్య బీమా తీసికొనుము. చక్కెర వ్యాధి, రక్తపు పోటు వంటి పాత వ్యాధులకు ఆ బీమా వర్తించునో లేదో చదివి చూడుము. చాల వాటిలో వర్తించదు. మందులు ఉన్నన్నినాళ్లకు సరిపడ, డాక్టరు చీటీతో తెచ్చుకొనుమని చెప్పుము. నీవు తరగతికి వెళ్లిన పిమ్మట నాన్న ఒంటరిగా కూర్చుండును. వీధిలో నడచువాడుండడు, పలుకరించువాడుండడు. ఊరిలో రచ్చబండయొద్ద నలుగురితో కూర్చుండువానికి ఇది చిన్న శిక్ష కాదు. నడచి వెళ్లదగిన దుకాణమో, తోటయో, ఆదివారమున తెలుగు ఆరాధనయో చూపుము. మన దినము అక్కడివారికి రాత్రి గనుక మొదటి వారమంతయు వారు అర్ధరాత్రి లేచి కూర్చుందురు, విసుగుకొనవద్దు. ఇరుగుపొరుగు పిల్లలను జీతమునకు చూచుకొనుమని ఎవరైనను అమ్మను అడిగినను ఒప్పుకొనవద్దు. సందర్శకుల వీసాపై సంపాదన కూడదు.

తల్లిదండ్రులకు ఒక్క మాట. యిత్రో తన సలహాను ఎట్లు ఇచ్చెనో 23వ వచనములో చూడుడి. దేవుడు సెలవిచ్చినయెడలనే ఆలాగు చేయుమని విడిచిపెట్టెను. ఆలోచన చెప్పి స్వదేశమునకు వెళ్లిపోయెను. అధిపతుల ఎన్నిక పూర్తియగువరకు అక్కడనే ఉండి పేరులు తానే వ్రాసెనని గ్రంథములో లేదు. బిడ్డ గదిలోనికి వెళ్లి, వాని స్నేహితుల అలవాట్లను దిద్ది, వంటింటి డబ్బాల వరుస మార్చి వచ్చిన తల్లులను నేనెరుగుదును. వారు వచ్చిన తరువాత ఆ పిల్లలు ఉప్పు వెదకుకొందురు.

ఆ దంపతులు తిరిగివచ్చిన తరువాతి ఆదివారము సాక్ష్యము చెప్పుటకు తండ్రి నిలువబడెను. డల్లాసు నగరపు మేడలను గూర్చి వినవలెనని పిల్లలు ముందు వరుసలో కూర్చుండిరి. ఆయన, "మావాడు అక్కడ అంట్లు తోముతా చదువుకున్నాడు. నేను కూర్చుని చూసొచ్చాను. దేవునికి స్తోత్రం" అని చెప్పి కూర్చుండెను. మందిరములో ఎవరును మాటలాడలేదు. భార్య అతని పక్కకు వంగి ఏదో చెప్పగా మరల లేచి, "గేదెని అమ్మేశాం, పాలకి మా ఇంటికి రావద్దు" అనెను. అందరును నవ్విరి.

మరునాడు ప్రొద్దున ఒక తల్లి మా యింటికి వచ్చెను. ఆమె కుమార్తె ఆస్ట్రేలియాలో చదువుచున్నది. వీరు జూలైలో ప్రయాణము కావలసియుండెను. ఆమె కొంతసేపు అరుగుమీద ఊరకే కూర్చుండి, తరువాత ఫోను నా చేతికిచ్చి, "అయ్యగారూ, అమ్మాయి మాకోసం హోటలు గది చూస్తానంటోంది. వద్దని మీరు ఒక మాట చెప్పండి. తను పడుకునే చోటే మేమూ పడుకుంటాం" అనెను.